హెడ్స్-అప్ పోకర్‌లో బలమైన హ్యాండ్‌ను వదలడం: నా అనుభవం

హెడ్స్-అప్ ఆటలో బలమైన హ్యాండ్‌ను (కార్డుల కలయికను) ఫోల్డ్ చేయాలా (పందెం కట్టకుండా వదిలేయాలా) వద్దా అన్న సందేహం నన్ను చాలాకాలం వేధించింది. ఇద్దరే ఆడేటప్పుడు ఇద్దరూ బలహీనమైన కార్డులతో కూడా పాట్‌లోకి (మధ్యలో పోగయ్యే పందెపు చిప్స్ కోసం పోటీలోకి) వస్తారు కాబట్టి, నిండు టేబుల్‌లో వదిలేయదగిన టాప్ పెయిర్ (బోర్డు మీది, అంటే టేబుల్‌పై పరిచిన ఉమ్మడి కార్డుల్లోని, అతి పెద్ద కార్డుతో కుదిరిన జత) ఇక్కడ తరచుగా కాల్‌కు (ప్రత్యర్థి పందేనికి సమానంగా చిప్స్ పెట్టడానికి) తగినదే అవుతుంది. హ్యాండ్ పేరును కాక పందెం లెక్కను చూడటం మొదలుపెట్టాక నా సందేహం తీరింది.

పాట్‌లో 100 చిప్స్ ఉండగా ప్రత్యర్థి రివర్‌లో (చివరి ఉమ్మడి కార్డు పడ్డాక) మరో 100 వేస్తే, నేను 100 పెట్టి మొత్తం 300 కోసం ఆడుతున్నట్టు. అంటే మూడుసార్లలో ఒకసారి గెలిచినా నష్టం ఉండదు. ఇక తేల్చుకోవలసింది ఆ పందెం వేసే సందర్భాల్లో బ్లఫ్‌ల (బలం లేకుండా భయపెట్టడానికి వేసే పందేల) వాటా ఎంత అన్నదే, నిజానికి కష్టమంతా అక్కడే ఉంది. ఉదాహరణకు, బోర్డు మీద నాలుగు హార్ట్స్ పడి, నా దగ్గర ఒక్క హార్ట్ కూడా లేనప్పుడు (ప్రత్యర్థికి ఒక్క హార్ట్ ఉన్నా ఒకే గుర్తు ఐదు కార్డుల ఫ్లష్ అయి నన్ను ఓడిస్తుంది), చేతిలోని సెట్ (ఒకే విలువ గల మూడు కార్డులు) చూడటానికి ఎంత గొప్పగా ఉన్నా, అంత పెద్ద పందెం ముందు దాని విలువ ఒక మామూలు జత విలువకు దాదాపు సమానం, ఎందుకంటే రెండూ ఓడించగలిగేది బ్లఫ్‌ను మాత్రమే. ప్రత్యర్థి అలాంటి చోట బ్లఫ్ చేయడం నేను ఎన్నడూ చూడకపోతే ఫోల్డ్ చేస్తాను. అదే పందెం 50 అయితే నాలుగో వంతు గెలుపు చాలు గనుక, చాలామంది మీద కాల్ చేస్తాను.