మేపుల్ రసం పారకముందే పంపు ప్యానెల్ సంగతి చూసుకోండి

అమెరికాలోని వెర్మాంట్, న్యూయార్క్, కెనడాలోని క్యూబెక్ లాంటి చోట్ల మేపుల్ చెట్టు రసం ఇచ్చేది ఏడాదిలో కొన్ని వారాలే. ఎక్కువచోట్ల ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో, రాత్రి గడ్డకట్టే చలీ పగలు సున్నా దాటిన వెచ్చదనమూ ఉన్నప్పుడే రసం కదులుతుంది. అందులోనూ బాగా పారే రోజులు తక్కువ. మేపుల్ సిరప్ అనే తియ్యటి పాకం ఒక లీటరు కావాలంటే దాదాపు 40 లీటర్ల రసం మరగాలి కాబట్టి, అలాంటి రోజున పంపు ఆగితే నష్టం చాలా పెద్దది. పోయిన రసం మళ్లీ రాదు. అందుకే పంపుల్ని ఆన్, ఆఫ్ చేసే కంట్రోల్ ప్యానెల్‌ను జనవరిలోనే తెరిచి చూడమంటాను. ఆ ప్రాంతాల్లో మేపుల్ చెట్లున్న స్థలం తీసుకుని, పైపులు వేసుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. ఊళ్లో బోరు స్టార్టర్ విప్పిన అలవాటు ఉంటే సగం పని తెలిసినట్టే. మిగతా సగం వాక్యూమ్ గురించి, అంటే పైపుల్లోంచి గాలి లాగేయడం గురించి.

ముందు అసలు ఏర్పాటు చూద్దాం. చెట్లకు గుచ్చిన గొట్టాల నుంచి సన్న పైపులు, వాటి నుంచి మెయిన్‌లైన్, అక్కడి నుంచి రిలీజర్ అనే ట్యాంకులోకి రసం వస్తుంది. వాక్యూమ్ పంపు ఆ పైపుల్లోని గాలిని లాగుతూ ఉంటుంది. లీకులు లేని తోటలో 25 అంగుళాల మెర్క్యురీ (వాక్యూమ్‌ను కొలిచే లెక్క) దాటి వాక్యూమ్ నిలుస్తుంది. ఒక్కో అంగుళం పెరిగితే రసం సుమారు 5 నుంచి 7 శాతం పెరుగుతుందని అక్కడి రైతులు లెక్క వేసుకుంటారు. రిలీజర్ నిండగానే రసం మీద తేలే లోపలి ఫ్లోట్ స్విచ్ చెప్తుంది, రెండో పంపు ఆ రసాన్ని బయటి ట్యాంకుకు తోస్తుంది. వాక్యూమ్‌లో ఉన్న ట్యాంకు నుంచి రసాన్ని బయటికి లాగాలి కాబట్టి, ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఈ రెండో పంపే.

ప్యానెల్ మూత తీసే ముందు ఒక విషయం బాగా గుర్తుంచుకోండి. మన దగ్గర సింగిల్ ఫేజ్ అంటే ఒక ఫేజు, ఒక న్యూట్రల్. అమెరికాలో, కెనడాలో 240 వోల్టుల మోటారుకు వచ్చే రెండు వైర్లలోనూ కరెంటు ఉంటుంది. ఫ్లోట్ గానీ స్విచ్ గానీ ఒక వైరునే తెంపుతుంటే మోటారు ఆగుతుంది, కానీ రెండో వైరు ద్వారా అందులో కరెంటు అలాగే ఉంటుంది. ఆగింది కదా అని తడి నేల మీద నిలబడి ముట్టుకుంటే ప్రాణం పోవచ్చు. డబుల్ పోల్ బ్రేకర్ ఆపండి, దానికి తాళం వేయండి, తాళంచెవి మీ జేబులోనే ఉంచుకోండి. టెస్టర్‌ను ముందు కరెంటు ఉన్నచోట పెట్టి పనిచేస్తోందని చూసుకుని, ఆ తర్వాతే మోటారు టెర్మినళ్ల మీద పెట్టండి. కరెంటు ఆపినా, మోటారు స్టార్ట్ కావడానికి సాయపడే కెపాసిటర్‌లో చార్జి మిగిలి ఉంటుంది. స్పీడు మార్చే డ్రైవ్ ఉంటే దాని మీద రాసినంత సేపు ఆగాలి. ఇంకొకటి: ఆటోమేటిక్‌గా పెట్టిన పంపు ఎప్పుడైనా దానంతట అదే తిరుగుతుంది. ఎండ రాగానే థర్మోస్టాట్ వాక్యూమ్ పంపును ఆన్ చేస్తుంది. ఆ సమయంలో బెల్టు దగ్గర చెయ్యి ఉండకూడదు. మెయిన్ బోర్డు నుంచి కొత్త లైను లాగే పని మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కే ఇవ్వండి.

ఇప్పుడు తేడా ఎక్కడుందో వెతకడం. పంపు సరిగా నడవకపోతే చాలామంది ముందు ప్యానెల్‌ను అనుమానిస్తారు. ప్యానెల్ ఫ్లోట్ చెప్పినట్టు చేస్తుంది, ఫ్లోట్ ట్యాంకులో ఉన్న మట్టాన్నే చెప్తుంది. కాబట్టి పైపుల నుంచే మొదలుపెట్టండి.

రసం తోసే రెండో పంపు కొన్ని క్షణాలకోసారి ఆన్ అవుతూ ఆఫ్ అవుతూ ఉందనుకోండి. నా అనుభవంలో ఎక్కువసార్లు ఇది రసాన్ని ఒకవైపే పోనిచ్చే చెక్ వాల్వ్ తప్పే. పంపు ఆగగానే రిలీజర్‌లోని వాక్యూమ్ అవతలి పైపులో ఉన్న రసాన్ని వెనక్కి లాగేస్తుంది, ట్యాంకు మళ్లీ నిండుతుంది, పంపు మళ్లీ తిరుగుతుంది. తేల్చుకోవడం తేలిక. మెయిన్‌లైన్ వాల్వు మూసి, వాక్యూమ్ అలాగే ఉంచండి. చెట్ల నుంచి చుక్క రాకపోయినా ట్యాంకులో మట్టం పెరుగుతుంటే అది వెనక్కి వస్తున్న రసమే. చెట్టుకు రంధ్రం చేసినప్పుడు రాలిన చెక్కపొట్టు, చిన్న మంచు పలుకు, సీజన్ చివర్లో పేరుకునే జిగురు, వీటిలో ఏది ఇరుక్కున్నా వాల్వు పూర్తిగా మూసుకోదు. వాల్వు బాగుంటే అప్పుడు ఫ్లోట్ల మధ్య దూరం చూడండి. పై ఫ్లోటు, కింది ఫ్లోటు మరీ దగ్గరగా ఉన్నా ఇదే తంతు.

పంపు తిరుగుతూనే ఉంది, ట్యాంకు మాత్రం ఖాళీ కావడం లేదంటే పంపులోకి గాలి వెళ్తోందని అనుకోవాలి. లీకు ఉంటే తడి కనిపిస్తుందని మనకు అలవాటు. వాక్యూమ్ వైపు లీకు బయటికి కారదు, గాలిని లోపలికి పీలుస్తుంది, చుట్టూ అంతా పొడిగానే ఉంటుంది. పంపు రసాన్ని పీల్చే సక్షన్ వైపు క్లాంపులు, షాఫ్ట్ సీలు ఒక్కొక్కటిగా చూడండి. పంపు రిలీజర్ కన్నా ఎంత కిందికి ఉంటే అంత మంచిది, రసం బరువుతోనే పంపులోకి దిగాలి. అవుట్‌లెట్ పైపులో మంచు కట్టినా ఇలాగే అవుతుంది. పంపు పొడిగా తిరిగితే సీలు కాలిపోవడానికి ఎక్కువసేపు పట్టదు కాబట్టి, వెతుకుతున్నంతసేపూ పంపు ఆపే ఉంచండి.

మోటారు మూలిగి తిరగకపోతే కెపాసిటర్ చూడండి. అడవిలోకి పొడవుగా లాగిన సన్న వైరు కూడా కారణం కావచ్చు. మోటారు ఆగి ఉన్నప్పుడు వోల్టేజీ బాగానే చూపిస్తుంది, స్టార్ట్ అయ్యే క్షణంలో పడిపోతుంది. కొలవాల్సింది అప్పుడే. మోటారుకు కరెంటు కలిపి తెంపే కాంటాక్టర్ టకటకమంటుంటే ఫ్లోట్ వైరు వదులైందేమో, ఎలుకలు కొరికాయేమో చూడాలి. పంపు అసలు ఆగకపోతే కాంటాక్టులు అతుక్కుపోయి ఉండొచ్చు.

ఇక మార్చాల్సినవి. అన్నిటికన్నా ముందు, వేరే వైరింగుతో ఇంకొక హై లెవెల్ ఫ్లోటు పెట్టండి. రసం ఆ ఎత్తుకు చేరితే వాక్యూమ్ పంపు ఆగిపోవాలి. లేకపోతే రసం నేరుగా వాక్యూమ్ పంపులోకి పోతుంది, ఖరీదైన పంపు పాడవుతుంది. మధ్యలో తడిని ఆపే మాయిశ్చర్ ట్రాప్ ఉన్నా దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి, దాని బంతి ఇరుక్కుంటే అడ్డు ఉండదు. రెండోది, ఫ్లోటు మీదుగా మోటారు కరెంటు నేరుగా పారకూడదు. ఫ్లోట్లకు 24 వోల్టులు, మోటారుకు కాంటాక్టర్, కరెంటు ఎక్కువ లాగితే ఆపేసే ఓవర్‌లోడ్ రిలే. డ్రై రన్ ప్రివెంటర్ మన బోర్లకు పెట్టేలాంటిదే ఇక్కడా పనికొస్తుంది, లోడు తగ్గి ఆంపియర్లు పడిపోగానే పంపును ఆపేస్తుంది. హ్యాండ్, ఆఫ్, ఆటో అని మూడు స్థానాల స్విచ్ మాత్రం తప్పనిసరి. ఎంత కొత్త కంట్రోలర్ పెట్టినా, అది మొరాయించిన రోజున మనిషి నిలబడి చేత్తో నడిపే దారి ఉండాలి. ఫోనుకు మెసేజ్ పంపే సెన్సార్లు మంచివే, కానీ పైవన్నీ అయ్యాకే వాటికి డబ్బు పెట్టండి. స్పీడు డ్రైవ్ కొనేవాళ్లు మోటారు ప్లేటు చదవండి. మామూలు డ్రైవ్ త్రీ ఫేజ్ మోటారును నడుపుతుంది, కెపాసిటర్ ఉన్న సింగిల్ ఫేజ్ మోటారుకు పనికిరాదు. థర్మోస్టాట్ సెన్సారు నీడలో, చెట్ల దగ్గర ఉండాలి. ఎండ పడే గోడకు కొడితే చెట్లు ఇంకా గడ్డకట్టి ఉండగానే పంపు తిరుగుతుంది.

పాత సామాను విప్పేటప్పుడు జాగ్రత్త. పాత ఫ్లోట్లలో కొన్నిట్లో పాదరసం ఉంటుంది. పగలగొట్టకండి, చెత్తలో వేయకండి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. పాత ఇత్తడి, కంచు పంపుల్లో సీసం ఉండే అవకాశం ఉంది. మనుషులు తాగే రసం కాబట్టి ఆహారానికి పనికొచ్చే స్టెయిన్‌లెస్ స్టీలుకు మారడం మంచిది. జనరేటర్ వాడేవాళ్లు దాన్ని పంపు గదిలో పెట్టనే కూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

అన్నీ అయ్యాక చలి కాస్త తగ్గిన రోజు చూసి నీళ్లతో పరీక్షించండి. రిలీజర్ నింపి, ఒక్కో ఫ్లోటునూ లేపి చూడండి. హై లెవెల్ ఫ్లోటు లేచినప్పుడు వాక్యూమ్ పంపు నిజంగా ఆగిందా లేదా కళ్లతో చూడాలి. ఆంపియర్లు కొలిచి మోటారు ప్లేటుతో పోల్చి, ఆ అంకెను వైరింగ్ బొమ్మతో పాటు ప్యానెల్ తలుపు లోపల అంటించండి. ఒక చెక్ వాల్వ్, ఒక ఫ్లోటు, ఒక కెపాసిటర్, ఒక సీలు స్పేరుగా అక్కడే పెట్టుకోండి. తర్వాత కరెంటు ఆపి, పంపు అడుగున ఉన్న ప్లగ్గు తీసి నీళ్లన్నీ వంపేయండి. చెక్ వాల్వ్ పైన పైపులో నిలిచిన నీళ్లు కూడా దిగిపోవాలి, లేకపోతే ఆ రాత్రికే గడ్డకట్టి పంపు బాడీ పగులుతుంది.