వీధికి అక్కరకు వచ్చేలా దుకాణం ముందుభాగాన్ని తీర్చుకోవడం ఎలా

దుకాణం లోపలి భాగం యజమానిదే అయినా, ముందుభాగంలో సగం వాటా వీధిది. కొనేవారికంటే కొనకుండా ఆ దారిన వెళ్లేవారే ఎక్కువ కాబట్టి, అలంకరణ మాట తలపెట్టే ముందు ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి, చీకటి పడ్డాక మరొకసారి ఎదురు వైపున నిలబడి, మీ గుమ్మం ముందు ఎవరు ఆగుతున్నారో, ఎవరు పక్కకు తప్పుకొని పోతున్నారో గమనించండి. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో నడిచేవారు 5 మీటర్ల వెడల్పున్న దుకాణాన్ని నాలుగు సెకన్లలోపే దాటిపోతారు. లోపల మనుషులున్నారన్న సంగతి ఆ కాస్త వ్యవధిలోనే వారికి తెలియాలి.

అందుకు మొదట అద్దాన్ని ఖాళీ చేయాలి. ప్రకటనల కాగితాలు, స్టిక్కర్లు, అట్టపెట్టెలు కంటి ఎత్తు వరకు పేరుకుంటే అక్కడ గోడ కట్టినట్టే. పగలు బయటి వెలుతురు లోపలి వెలుతురును మించిపోయినప్పుడు కిటికీ అద్దం ముఖం చూసుకునే అద్దంలా మారిపోతుంది గనుక, దాని దగ్గరి దీపాలను పగటిపూట కూడా వెలిగించడం మంచిది. అమెరికన్ రచయిత్రి జేన్ జేకబ్స్ 1961లో నగరాల గురించి రాస్తూ, వీధిని కనిపెట్టి ఉండే కళ్లలో దుకాణదారుల కళ్లు ముఖ్యమైనవని, వ్యాపారం సాగడానికైనా వీధి ప్రశాంతంగా ఉండాలని వారు కోరుకుంటారని వాదించారు. అయితే గల్లాపెట్టె దగ్గర కూర్చున్నవారు గోడను చూస్తూ ఉంటే ఆ కళ్లు ఉండీ లేనట్టే. కుర్చీని వీధి కనిపించేలా తిప్పుకోవడానికి ఖర్చేమీ కాదు.

గుమ్మం దగ్గర ఒకే ఒక్క మెట్టు ఉన్నా, చక్రాల కుర్చీలో వచ్చేవారికి అది మూసిన తలుపుతో సమానం. ర్యాంపును 1:12 వాలుతో కట్టాలంటే 15 సెంటీమీటర్ల మెట్టుకు 1.8 మీటర్ల పొడవు కావాలి. దానిని కాలిబాట మీదికి తోసేస్తే ఒకరికి దారిచ్చి పదిమందికి అడ్డం పెట్టినట్టవుతుంది కాబట్టి, వీలైతే వాలును గుమ్మం లోపలికే తీసుకోండి. రెండు చక్రాల కుర్చీలు ఎదురుపడి దాటుకోవడానికి కాలిబాటపై సుమారు 1.8 మీటర్ల ఖాళీ ఉండాలి. అది వదిలాక చోటు మిగిలితే, స్థానిక నిబంధనలు ఒప్పుకుంటేనే, బయట సరుకు పెట్టడం గురించి ఆలోచించవచ్చు.

ఇక కూర్చునే చోటు. కూర్చోవడానికి వీలున్న చోటే జనం ఎక్కువగా కూర్చుంటారని న్యూయార్క్ నగరంలోని బహిరంగ స్థలాలను పరిశీలించిన విలియం వైట్ 1980లో తేల్చి చెప్పారు. ఇంత మాటకు పరిశోధన దేనికని నవ్వు రావచ్చు గాని, ఎవరూ కూర్చోకుండా గట్ల మీద ఇనుప మేకులు పాతించే యజమానులు ఇప్పటికీ ఉన్నారు. సుమారు 45 సెంటీమీటర్ల ఎత్తున, నీడ పడేచోట, దారికి అడ్డం రాకుండా, వీధి వైపు చూసేలా ఒక బల్ల వేయండి. కూర్చున్న ప్రతివారూ కొనరు, నిజమే. కానీ మనుషులున్న గుమ్మం దగ్గర ఆగడానికి కొత్తవారు అంతగా జంకరు.

ఇరుగుపొరుగు తాళంచెవి ఇచ్చి వెళ్లేంత నమ్మకం మాత్రం బల్లతో రాదు. తాళంచెవి తీసుకునేటప్పుడు, ఎక్కడికి వెళుతున్నారని ఆరా తీయకపోవడం, ఒకరి సంగతి మరొకరి చెవిన వేయకపోవడం దుకాణదారు అలవరచుకోవలసిన మర్యాద. సాయం దొరికే చోట ఆరాలు కూడా ఎదురైతే జనం మెల్లగా మానుకుంటారు. తప్పిపోయిన వస్తువుల గురించి, అద్దె ఇళ్ల గురించి కాగితాలు అంటించుకోవడానికి తలుపు పక్కన చిన్న పలక కేటాయించి, ప్రతి కాగితం మీద తేదీ వేయించి, గడువు తీరినవాటిని వారానికోసారి మీరే తీసివేయండి.

దుకాణం మూసిన తర్వాత కూడా వీధి ఉంటుంది. నిండు రేకు షట్టరుకు బదులు రంధ్రాలున్న షట్టరు బిగించి లోపల ఒక చిన్న దీపం వెలగనిస్తే కాలిబాట పూర్తిగా చీకటి కాదు. ఆ వెలుగు నడిచేవారి కళ్లలో పడకుండా నేల మీద పడేలా దీపాన్ని కిందికి వంచండి.