నలభైకి దగ్గర్లో మళ్లీ డిగ్రీ చదవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

పెళ్లికో, నాన్న పోయాక ఇల్లు నడపడానికో, దుకాణంలో కూర్చోవడానికో డిగ్రీ మధ్యలో వదిలేసినవాళ్లు మన దగ్గర వీధికి ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. నేనూ వాళ్లలో ఒకదాన్నే. 2004లో బీఏ రెండో ఏడు పరీక్షలు రాయకుండానే పెళ్లి పీటల మీద కూర్చున్నాను, ముప్పై తొమ్మిదో ఏట ఓపెన్ డిగ్రీలో చేరాను. ఈ సంగతి తెలిసిన ప్రతి ఒక్కరూ అడిగేది ఒకటే, ఈ వయసులో చదివింది బుర్రకెక్కుతుందా అని. ఎక్కుతుందండీ. ఇరవై ఏళ్లు సంసారం, లెక్కలు, మనుషులు చూసినవాళ్లకు అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం పాఠాలు పిల్లలకంటే త్వరగా అర్థమవుతాయి. మనల్ని వెనక్కి లాగేవి వేరే ఉన్నాయి: సర్టిఫికెట్లు, గడువు తేదీలు, రాయడం మర్చిపోయిన చెయ్యి. వాటి గురించే చెప్తాను.

ఫీజు సంగతి తర్వాత, ముందు బీరువాలో ఉన్న సర్టిఫికెట్ల కవరు బయటికి తీయండి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ మంచం మీద పరిచి, పక్కన ఆధార్ కార్డు పెట్టి, పేరు ఒక్కో అక్షరం చూసుకుంటూ వెళ్లండి. నా మెమోలో పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంది, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు పూర్తిగా ఉంది, పైగా పుట్టినతేదీ జనవరి 1 అని వేసి ఉంది, ఎందుకంటే కార్డు తీసుకున్న రోజు తేదీ గుర్తులేదని మామయ్య అలా చెప్పేశారు. ఇలాంటివి చాలా ఇళ్లలో ఉంటాయి. ఆధార్‌లో పుట్టినతేదీ మామూలుగా ఒక్కసారే మార్చనిస్తారు కాబట్టి తొందరపడకుండా, పదో తరగతి మెమోలో ఎలా ఉందో అచ్చం అలాగే మార్పించుకోండి. మెమోను ఆధార్‌కు తగ్గట్టు మార్పించాలని చూడకండి, అది ఏళ్లు పట్టే పని.

ఇదంతా ఎందుకంటే, ఇప్పుడు దూరవిద్యలో చేరాలంటే 2024 నుంచి యూజీసీవాళ్ల (యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ) డెబ్ ఐడీ, అంటే వాళ్ల దూరవిద్యా విభాగం విద్యార్థికిచ్చే నంబరు, తప్పనిసరి. దానికి ముందు ఏబీసీ ఐడీ, అంటే మన చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు, కావాలి, అది ప్రభుత్వ డిజిలాకర్ యాప్‌లో ఆధార్ వివరాలతోనే వస్తుంది. నేను చేరినప్పుడు ఈ పద్ధతి లేదు. మా ఆడపడుచు చేరేటప్పుడు పక్కన కూర్చుని చేయించాను. వివరాలన్నీ సరిపోయాయి కాబట్టి అరగంటలో అయిపోయింది. తేడా ఉంటే మాత్రం ముందు అది దిద్దుకోవాలి, అడ్మిషన్ గడువు మనకోసం ఆగదు కదా.

ఒరిజినల్ మెమోలు పాత కాలేజీలోనే ఉండిపోయి ఉంటే అడ్మిషన్లు మొదలవడానికి కనీసం మూడు నెలల ముందే వెళ్లండి. నేను చదివిన కాలేజీవాళ్లు నన్ను మూడుసార్లు తిప్పారు, క్లర్కు లేడు, తాళం లేదు, పాత రిజిస్టర్లు పైగదిలో ఉన్నాయి అంటూ. నాలుగోసారి తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి, రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకటి ఇచ్చి రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకున్నాను, ఆ వారంలోనే ఇచ్చారు. నోటిమాటగా అడగడం వేరు, కాగితం మీద అడగడం వేరు. నిజంగానే పోయి ఉంటే పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి, నోటరీ అఫిడవిట్ పెట్టి బోర్డు నుంచి డూప్లికేట్ తెచ్చుకోవాల్సి ఉంటుంది. దానికి సమయం పడుతుంది కానీ వస్తుంది.

ఇక ఎక్కడ చేరాలి అన్నది. ఇంకో కోర్సు గురించి ఆలోచించే ముందు, అప్పట్లో ఒకటి రెండు పేపర్లే మిగిలిపోయినవాళ్లు పాత యూనివర్సిటీ సంగతి కనుక్కోండి. ఉస్మానియా లాంటి యూనివర్సిటీలు పాత బ్యాచ్‌లవాళ్లకు మిగిలిన పేపర్లు రాసుకోవడానికి అప్పుడప్పుడు వన్ టైమ్ ఛాన్స్ అని నోటిఫికేషన్ ఇస్తుంటాయి. ఫీజు కాస్త ఎక్కువే ఉంటుంది, కానీ మూడేళ్లు మిగులుతాయి.

మొదటినుంచీ చదవాల్సినవాళ్లకు ఓపెన్ యూనివర్సిటీ మంచి దారి. దేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది మన హైదరాబాద్‌లోనే, 1982లో, ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరుతో. 1991 నుంచి అది డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. చదువు మధ్యలో ఆగిన మనలాంటివాళ్లను దృష్టిలో పెట్టుకుని మొదలుపెట్టిన యూనివర్సిటీ అది, తెలుగు మీడియంలో పుస్తకాలు ఉంటాయి, ఆదివారాలు అధ్యయన కేంద్రంలో క్లాసులు జరుగుతాయి. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నో కూడా మంచిదే, జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి చేరొచ్చు, మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల వరకు సాగదీసుకునే వీలుంది, కానీ బీఏ పుస్తకాలు చాలావరకు ఇంగ్లీషులోనో హిందీలోనో ఉంటాయి. తెలుగు మీడియంలో చదువుకున్నవాళ్లు పేరు చూసి కాకుండా పుస్తకం చూసి నిర్ణయించుకోండి. ఇగ్నో పాఠాలు ఈజ్ఞాన్‌కోశ్ సైట్లో ఎవరైనా ఉచితంగా చదవొచ్చు, చేరకముందే నాలుగు పేజీలు చదివి చూస్తే మీకే తెలిసిపోతుంది. ఆంధ్రలో ఉన్నవాళ్లకు ఆంధ్ర, నాగార్జున యూనివర్సిటీల దూరవిద్యా కేంద్రాలు ఉన్నాయి. ఎక్కడ చేరినా, మీరు చేరే కోర్సుకు ఆ ఏడాదికి అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్య సైట్లో చూసుకోండి. మధ్యలో ఉండే ఏజెంట్ల మాట అసలు నమ్మకండి, చదవకుండా సర్టిఫికెట్ ఇప్పిస్తామనేవాళ్లతో మాట కూడా కలపకండి.

దూరవిద్య డిగ్రీకి విలువ ఉండదని చుట్టాలు అంటారు. గుర్తింపు ఉన్న దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీతో సమానమని యూజీసీ 2022 సెప్టెంబరులో స్పష్టంగా ప్రకటించింది. అయితే ఇంజినీరింగ్, నర్సింగ్, ఫార్మసీ, లా లాంటివి దూరవిద్యలో చదవడానికి లేదు, ఎవరైనా ఉందంటే అది మోసమే.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. ఇంటర్ లేకుండా అడ్డదారిలో డిగ్రీ తెచ్చుకోవాలని చూడకండి. పది ఆగిపోయినవాళ్లు ఓపెన్ స్కూల్లో పది, తర్వాత ఇంటర్ చదవండి, రెండు రాష్ట్రాల్లోనూ సార్వత్రిక విద్యాపీఠం ఉంది. ఆలస్యమైనా వరుస తప్పకూడదు, ఎందుకంటే రేపు మీకు లా చదవాలనిపిస్తే, కింది చదువు లేకుండా నేరుగా ఓపెన్‌లో తెచ్చుకున్న డిగ్రీని లాయర్ల సంస్థ అయిన బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. మాకు తెలిసిన ఒకాయన యాభై ఏళ్లకు లాయరు కావాలనుకుని సరిగ్గా అక్కడే ఆగిపోయారు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

చేరాక ఎక్కువమంది దెబ్బతినేది పరీక్ష ఫీజు దగ్గర. అడ్మిషన్ ఫీజు కట్టేశాం కదా అనుకుంటాం, కానీ పరీక్షకు విడిగా రిజిస్టర్ చేసుకుని, విడిగా ఫీజు కట్టాలి, లేకపోతే హాల్ టికెట్టే రాదు. అసైన్‌మెంట్లకు ఇంకో గడువు, రెండో ఏడు ఫీజుకు ఇంకో గడువు. ఇవన్నీ ఫోన్లో పెట్టుకుంటే వంద మెసేజ్‌ల కింద పడిపోతాయి. నేను వంటింటి గోడకు వేలాడే కేలండర్ మీద, పాలవాడి లెక్క రాసుకునే చోటే, ఎర్ర పెన్నుతో రాస్తాను. ఇంట్లో అందరి కళ్లకూ కనపడుతుంది, నేను మర్చిపోయినా మా అమ్మాయి గుర్తుచేస్తుంది. బీఏ, బీకాంవాళ్లు అన్ని క్లాసులకూ వెళ్లలేకపోయినా ఫర్వాలేదు గానీ, బీఎస్సీవాళ్లు ప్రాక్టికల్స్ ఎగ్గొట్టడానికి లేదు, ఆ రోజులకు సెలవు దొరుకుతుందో లేదో చేరకముందే చూసుకోండి.

చదవడానికి టైమ్ ఎక్కడిది అంటే, రోజూ ఒకే గంట దొరకాలి. అది తెల్లవారుజామున నాలుగున్నరా, మధ్యాహ్నం గిన్నెలు సర్దాకా, షాపు మూశాకా అన్నది మీ ఇష్టం, కానీ ఆ గంట ఇంట్లోవాళ్లకు ముందే చెప్పి పెట్టుకోవాలి. మా అత్తయ్య మొదట్లో "ఇప్పుడు చదివి ఏం చేస్తావమ్మా" అన్నారు. నేను వాదన పెట్టుకోలేదు. "అత్తయ్యా, అయిదు నుంచి ఆరు దాకా నన్ను పిలవొద్దు, ఆరింటికి మీ కాఫీ నేనే తెస్తాను" అన్నాను. ఇప్పుడు ఆ టైమ్‌కు ఎవరైనా వస్తే ఆవిడే గుమ్మంలో ఆపి కూర్చోబెడుతున్నారు.

పుస్తకం తెరిస్తే పది నిమిషాలకే తలనొప్పి, నిద్ర వస్తుంటే చదువు మీద ఆసక్తి పోయిందని బెంగపడకండి, చత్వారం అయి ఉండొచ్చు. నలభై దగ్గర పడ్డవాళ్లకు దగ్గరి అక్షరాలు అలికినట్టు కనపడడం మామూలే. నేను నెలరోజులు నాకు చదువు రాదేమోనని ఏడ్చాను, తీరా చూస్తే కావాల్సింది కళ్లజోడు. చేరిన వారంలోనే కళ్లు చూపించుకోండి.

అన్నిటికంటే కష్టమైనది రాయడం. చెక్కు మీద సంతకం, కిరాణా చీటీ తప్ప పదిహేనేళ్లుగా పెన్ను పట్టనిదాన్ని, మొదటిరోజు ఒక్క పేజీ రాయడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. సగం పేజీకే బొటనవేలి మొదట్లో నొప్పి మొదలైంది, పెన్నును గట్టిగా అదిమి పట్టుకున్నందుకు మధ్యవేలి మీద గుంట పడింది, వత్తులు ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి, "జ్ఞ" రాయబోయి చెయ్యి ఆగిపోయింది. మూడు గంటల పరీక్ష ఎలా రాస్తానా అని టెన్షన్ పట్టుకుంది. అప్పటినుంచి పద్ధతి మార్చాను. పాఠం ఒకసారి చదివి, పుస్తకం మూసేసి, గుర్తున్నది నా మాటల్లో ఒక పేజీ రాయడం. రెండు వారాల తర్వాత రెండు పేజీలు. పరీక్షకు నెల ముందు పాత ప్రశ్నపత్రం ముందు పెట్టుకుని, గడియారం చూసుకుంటూ ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలూ లేవకుండా రాశాను. చదివింది గుర్తుండడానికీ, చెయ్యి తిరగడానికీ ఇదొక్కటే మందు, వీడియోలు ఎన్ని చూసినా చెయ్యి కదలదు. పెన్ను కూడా లావుగా, మెత్తగా రాసేది కొనుక్కోండి, ఒకే రకానివి నాలుగు కొని వాటితోనే అలవాటు చేసుకోండి.

ఒక పేపరు పోతే ఆగిపోకండి. నాకు మొదటి ఏడు ఇంగ్లీషు పోయింది, ఇంట్లో చెప్పడానికి రెండు రోజులు పట్టింది. కానీ మిగతావన్నీ మళ్లీ రాయక్కర్లేదు, పోయిన పేపరుకే మళ్లీ ఫీజు కట్టి రాయాలి. ఫలితం వచ్చిన రోజే రెండు పనులు చేయండి: రీవాల్యుయేషన్ (జవాబుపత్రం మళ్లీ దిద్దించుకోవడం) గడువు ఎప్పటిదాకా ఉందో చూడండి, ఆ సబ్జెక్టు పుస్తకాన్ని తీసి మిగతావాటి పైన పెట్టండి. నేను ఇంగ్లీషుకు మా అమ్మాయి తొమ్మిదో తరగతి గ్రామర్ పుస్తకంతో మొదలుపెట్టాను, సాయంత్రం రోజుకు పది వాక్యాలు, తప్పులు మా అమ్మాయే దిద్దేది.