పాత కాగితాలు చదవడం – 4వ పాఠం: పారిపోయిన బానిస కోసం ప్రకటన

పోయిన పాఠంలో వీలునామా చదివాం. రాసినవాడు ఏం చెప్పదలచుకున్నాడో పట్టుకోవడమే అక్కడ మన పని. ఈసారి ఇంకొంచెం కష్టం. రాసినవాడు తనకు తెలియకుండానే చెప్పేసిన సంగతులు ఏరుకోవాలి.

1769 సెప్టెంబరులో అమెరికాలో వర్జీనియా గెజిట్ అనే పత్రికలో పడిన ప్రకటన సారాంశం ఇది. ఒకసారి గబగబా, ఒకసారి నిదానంగా చదవండి.

వర్జీనియాలోని ఆల్బెమార్ల్ కౌంటీ (జిల్లా లాంటిది) నుంచి శాండీ అనే ములాటో బానిస పారిపోయాడు. వయసు సుమారు 35. పొట్టి, కాస్త లావు, లేత ఛాయ. జోళ్లు కుడతాడు, ఎక్కువగా ఎడమ చేత్తో. మోటు వడ్రంగం వచ్చు. గుర్రపుస్వారీ తెలుసు. తాగుబోతు, తాగితే పొగరు, జిత్తులమారి. ఒక తెల్లగుర్రాన్ని, జోళ్లు కుట్టే పనిముట్లను వెంట తీసుకుపోయాడు. పట్టి తెచ్చినవారికి ఈ కౌంటీలో దొరికితే 40 షిల్లింగులు (అంటే 2 పౌండ్లు), ఈ కాలనీలో (అప్పటి బ్రిటిష్ వలసప్రాంతమైన వర్జీనియాలో) మరెక్కడైనా 4 పౌండ్లు, వేరే కాలనీలో 10 పౌండ్లు.

కింద సంతకం: థామస్ జెఫర్సన్. మనుషులంతా సమానంగా పుట్టారని ఏడేళ్ల తర్వాత అమెరికా స్వాతంత్ర్య ప్రకటనలో రాసింది ఈయనే.

ఇప్పుడు పెన్సిల్ తీసుకోండి. యజమాని అభిప్రాయాల కింద ఒక గీత, ఆనవాళ్ల కింద రెండు గీతలు పెట్టండి. పొగరు, జిత్తులు అభిప్రాయాలు. వాటిని ఎంతవరకు నమ్మాలో మనిష్టం. ఎడమచేతి వాటం ఆనవాలు. ఆనవాలు తప్పు చెబితే మనిషి దొరకడు, కాబట్టి అక్కడ యజమానికి నిజం చెప్పక తప్పదు. ఈ పాఠంలో నేను మీకివ్వదలచిన తాళంచెవి ఇదే.

రెండు గీతలు పడినవి వరసగా చూడండి. మూడు పనులు తెలిసిన మనిషి, పనిముట్లు మూటగట్టుకుని వెళ్లాడు. ఎక్కడైనా బతకగలనన్న ధైర్యం ఆ మూటలో ఉంది. ములాటో అన్న ఒక్క మాట అతని వంశంలో తెల్లవాళ్లూ ఉన్నారని చెబుతోంది. దూరం పెరిగేకొద్దీ బహుమతి పెరిగింది. శాండీ చివరికి దొరికాడు. 1773లో జెఫర్సన్ అతన్ని 100 పౌండ్లకు అమ్మేశాడు.

ఆనవాళ్లు ఒక్కోసారి చదవలేనంత ఘోరంగా ఉంటాయి. 1838లో నార్త్ కరోలినా యజమాని ఒకడు, ఇద్దరు పిల్లలతో పారిపోయిన స్త్రీ కోసం ప్రకటన ఇస్తూ, కొద్ది రోజుల ముందే ఆమె ఎడమ చెంప మీద కాల్చిన ఇనుముతో ఎమ్ అక్షరం వేయబోయానని రాసుకున్నాడు. అది నేరమని అతనికి తోచలేదు, గుర్తుపట్టడానికి పనికొస్తుందనుకున్నాడు. బానిసత్వాన్ని వ్యతిరేకించినవారు 1839లో ఇలాంటి ప్రకటనలనే ఏరి, సాక్ష్యంగా పుస్తకం వేశారు.

మీ అభ్యాసం: 1849, మేరీల్యాండ్. ముగ్గురు పారిపోయారు. బెన్, సుమారు 25 ఏళ్లు, ఆరడుగులు, పలకరిస్తే చప్పున జవాబిస్తాడు. హ్యారీ, సుమారు 19, మెడకు ఒకవైపు కంతి. మింటీ, సుమారు 27, చామనఛాయ, చూడచక్కనిది, ఐదడుగులు. రాష్ట్రం బయట పట్టుకుంటే తలకు 100 డాలర్లు, లోపలైతే 50. గీతలు పెట్టండి. మింటీ ఎవరో ముందే వెతక్కండి. వచ్చే పాఠం ఆమెతోనే మొదలవుతుంది.