డిస్కు మరమ్మతుకు ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

డిస్కులో లోపం కనిపించగానే, లోపాలను వెతికి సరిచేసే విండోస్ ప్రోగ్రాము చెక్‌డిస్క్ (chkdsk) నడపాలన్న తొందర సహజమే. అయితే అంతకంటే ముందు కుటుంబ ఫొటోలు, పొలం కాగితాల స్కాన్లు, పిల్లల సర్టిఫికెట్లు వంటి, పోతే మళ్లీ దొరకడం కష్టమైన వాటిని వేరొక డిస్కులోకి కాపీ చేసుకోవాలి.

హార్డ్ డిస్కు నుంచి టక్‌టక్‌మనే చప్పుడు గానీ, గీరుతున్నట్టు శబ్దం గానీ వస్తుంటే కంప్యూటరును వెంటనే ఆపివేయాలి. చెక్‌డిస్క్‌ను ఆర్ స్విచ్‌తో (/r, అంటే చెడిన భాగాలను కూడా వెతకమనే ఆదేశంతో) నడిపితే అది డిస్కు మొత్తాన్ని చదువుతుంది కాబట్టి, అప్పటికే చివరి దశలో ఉన్న డిస్కు ఆ ఒత్తిడికి పూర్తిగా పాడైపోయి, అందులోని సమాచారం నిపుణులకు కూడా అందకుండా పోవచ్చు. అన్నిటిలోకీ ముఖ్యమైన జాగ్రత్త ఇదేనని నా అభిప్రాయం.

పెద్ద డిస్కు పరీక్ష గంటల తరబడి సాగుతుంది. అనంతపురం, కర్నూలు ఎండల్లో మధ్యాహ్నం 40 డిగ్రీలు దాటుతుంది, కరెంటు కూడా పోతుంటుంది. అందువల్ల యూపీఎస్ ఉంచుకొని, తెల్లవారుజామున చల్లటి వేళ మొదలుపెట్టడం మంచిది.

డిస్కులోని సమాచారానికి తాళం వేసే విండోస్ సదుపాయం బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీని ముందే కాగితంపై రాసి పెట్టుకోవాలి.

‘ఈ డిస్కును ఫార్మాట్ చేయాలి’ అని విండోస్ అడిగితే క్యాన్సిల్ నొక్కాలి. పోయిన ఫైళ్లను వెలికితీసే సాఫ్ట్‌వేర్‌ను అదే డిస్కులో ఇన్‌స్టాల్ చేయరాదు. చేస్తే ఆ ఫైళ్ల మీదే కొత్త సమాచారం పడవచ్చు.

డిస్కు కేబుల్ సరిచూసేందుకు కంప్యూటరు పెట్టె (కేసు) తెరిచేటప్పుడు ప్లగ్గు తీసివేయాలి.