బీడుపడ్డ మెట్టలో మళ్లీ మన అడవి పెంచడం ఎలా?

విశాఖ దగ్గరి ఆనందపురం వైపు మీకో బీడు మెట్ట ఉందనుకుందాం. ఒకప్పుడు చోళ్లో, నువ్వులో పండి ఉంటాయి. అడవి పెంచుతామంటూ అలాంటి నేలలో ముందుగా ట్రాక్టరు దింపేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దున్నితే మట్టిలోని కర్బనం గాలిలో కలుస్తుంది, బతికున్న పాత వేళ్లూ తెగిపోతాయి.

గునపం, పార, కత్తి, తోలు గ్లవుజులు చాలు.

ఏప్రిల్‌లో గట్లన్నీ తిరగండి. కలివి, బలుసు, ఊడుగ, మోదుగ, తునికి మోళ్లు చిగురించిన చోటల్లా కర్ర పాతి గుడ్డ కట్టండి. అవి మీరు నాటక్కర్లేని చెట్లు. మేకలు రాకుండా చూస్తే చాలు.

తొలకరికి నేల మెత్తబడ్డాక, మన మొక్కల్ని ఎదగనివ్వకుండా కమ్మేసే విదేశీ కంప లంటానాను తీయాలి. అందరూ చెడగొట్టేది ఇక్కడే. పైన నరికితే ఒకటికి పది పిలకలు లేస్తాయి. నేలంతా తవ్వి పెకలిస్తే మట్టిలో దాగిన గింజలు మొలుస్తాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయానికి చెందిన సి.ఆర్.బాబు బృందం చూపిన పద్ధతే సరైనది. కాండం, వేరు కలిసే బుడిపె దగ్గర మట్టి తీసి, దానికి అంగుళంన్నర కిందుగా తల్లివేరును నరకాలి. తర్వాత దుబ్బును తలకిందులుగా, వేళ్లు ఎండకు తగిలేలా పెట్టాలి. బుడిపెకు తడిమట్టి తగిలిందా, మళ్లీ అంటుకుంటుంది.

ఈ పని గుత్తకు ఇవ్వకండి. మొదటి ఏడాది నేనిచ్చాను. గుత్తపని కదా, నేలకు సమంగా కొట్టేసి పోయారు. సెప్టెంబరుకల్లా నడుమెత్తు కంప! ఇప్పుడు రోజుకూలికే చేయిస్తాను, పక్కనే నిలబడతాను. కాయ నల్లబడకముందే ముగించాలి. లేదంటే గోరింకలు, పిగిలిపిట్టలు తిని ఊరంతా చల్లుతాయి. అవి వాలే చెట్ల కింద రెండేళ్లపాటు, ప్రతి వానాకాలం తర్వాత వెతకండి. చిన్న మొలకైతే చేత్తోనే వచ్చేస్తుంది. ఎండిన కంపను తగలబెట్టొద్దు, మీరు గుడ్డ కట్టిన చిగుళ్లు కూడా మాడిపోతాయి.

ఖాళీ ఉన్నచోట మాత్రమే జులైలో నాటండి: నేరేడు, ఉసిరి, రేల, పాల. వాగు పక్కన మద్ది. మోకాలెత్తు దాటిన మొక్క కొనొద్దు. నర్సరీల్లో ఆరడుగులది అంటగడతారు, సంచిలో దాని వేరు చుట్టలు తిరిగి ఉంటుంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను మన ఊరి చెట్లను ఏం చేసిందో చూశాం. వేరు లోతుకు దిగనిది గాలికి ఆగదు.

చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కలు కుక్కే జపాన్ పద్ధతి మియావాకీ ఫొటోలకు బాగుంటుంది. మన మెట్ట అడవిలో చెట్టుకీ చెట్టుకీ నడుమ పొదలుంటాయి, గడ్డి ఉంటుంది. పురుగులకు, పిట్టలకు ఆ గడ్డి కూడా కావాలి. అందుకే మొక్క చుట్టూ మూరెడు మేర మాత్రం కోసి, దాని మొదట్లోనే పరుస్తాను.

ఫిబ్రవరి దాటకుండా పొలం చుట్టూ రెండు బారల వెడల్పున గడ్డి గీసేయండి. వేసవిలో ఎవరో ఒకరు బీడీ పారేస్తారు.