సముద్రం గడ్డకడితేనే దారి: మన పిల్లలకు ఈ పాఠం ఎలా చెప్పాలి

మన పిల్లలు ఐసు చూసేది మూడు చోట్లే. ఫ్రిజ్‌లో, పెళ్లి పందిట్లో, ఎండాకాలం రాళ్లవాన పడ్డప్పుడు. అలాంటి పిల్లల ముందు నిలబడి "ఉత్తరాన సముద్రం గడ్డకడుతుంది, దాని మీద జనం ఈ ఊరి నుంచి ఆ ఊరికి బండ్ల మీద పోతారు, ఇప్పుడు ఆ ఐసు సరిగ్గా కట్టడం లేదు" అంటే తలలు ఊపుతారు గానీ ఒక్క ముక్క లోపలికి పోదు. నేను దేవరకొండ వైపు సర్కారు బడిలో సోషల్ చెప్తాను. మొదట్లో గోడకు మ్యాపు తగిలించి, ధ్రువపు ఎలుగుబంటి బొమ్మ చూపించి పాఠం ముగించేవాణ్ణి, వారం తర్వాత అడిగితే పిల్లలకు ఎలుగుబంటి ఒక్కటే గుర్తుండేది. అక్కడ మనుషులున్నారన్న సంగతే ఎవరికీ గుర్తులేదు. అది నన్ను చాలా బాధపెట్టింది. అందుకే పద్ధతి మార్చాను. టీచర్లకైనా, ఇంట్లో పిల్లలకు చెప్పుకునే అమ్మానాన్నలకైనా పనికొస్తుందని రాస్తున్నాను.

మ్యాపుతో మొదలుపెట్టకండి. చెరువుతో మొదలుపెట్టండి.

"చెరువు ఎండినప్పుడు అవతలి ఊరికి ఎట్ల పోతరు?" అని అడిగితే క్లాసంతా చేతులెత్తుతుంది. కట్ట చుట్టూ తిరగకుండా చెరువులోంచి అడ్డంగా పోతామంటారు. అప్పుడు నేను మా చిన్నాయన సంగతి చెప్తాను. నా చిన్నప్పుడు ఆయన వెంట అట్లాగే అడ్డంగా పోయేవాణ్ణి, ఆయన చేతిలో ముల్లుగర్ర ఉండేది, ఎద్దులు వెంట లేకపోయినా ఉండేది. పది అడుగులకోసారి ముందు నేలను దానితో పొడిచి చూసేవాడు. చెరువు నేల పైన పెంకులు పెంకులుగా ఎండిపోయి గట్టిగా కనిపిస్తుంది, కింద తొడల్లోతు బురద ఉంటుంది, అది కంటికి తెలియదు, కర్రకు తెలుస్తుంది. ఒకసారి నేను ఆయన్ను దాటి ఉరికి నడుము దాకా దిగబడ్డాను. ఆయన నిలబడి చెయ్యి ఇవ్వలేదు. ఆ పెంకుల మీద బోర్లా పడుకుని, తువ్వాల విసిరి, పాక్కుంటూ వెనక్కి జరుగుతూ లాగాడు. బరువు ఒక్క చోట పడితే తనూ దిగబడతాడని ఆయనకు తెలుసు. ఉత్తర ధ్రువం చుట్టూ ఉండే ఆర్కిటిక్‌లో ఐసు పగిలి నీళ్లలో పడ్డవాళ్లను కాపాడేటప్పుడూ సరిగ్గా ఇదే చేస్తారు, బోర్లా పడుకుని తాడో కర్రో అందిస్తారు. మీకూ ఇలాంటి అనుభవం ఉంటే అదే చెప్పండి, లేకపోతే మీ ఊరి పెద్దమనిషి ఒకరిని క్లాసుకు పిలవండి.

ఇప్పుడు మ్యాపు తీయండి. కెనడా ఉత్తరాన నునావుట్ అనే ప్రాంతం చూపించండి. అక్కడ 25 ఊళ్లున్నాయి, బయటి ప్రాంతాలతో కలిపే రోడ్డు ఒక్క ఊరికీ లేదు. విమానం ఎక్కాలి, వేసవిలో ఓడ రావాలి, లేదంటే చలికాలంలో సముద్రం గడ్డకట్టాలి. ఇగ్లూలిక్ నుంచి సనిరాజాక్ దాదాపు 70 కిలోమీటర్లు. అంత దూరం స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) మీద, వెనకాల కాముటిక్ అనే చెక్కబండి కట్టుకుని, సముద్రం మీదుగా పోతారు. సంప్రదాయంగా ఆ బండి అడ్డకర్రలను మేకులు కొట్టకుండా తాళ్లతో బిగిస్తారు, ఐసు గతుకుల మీద విరగకుండా కాస్త వంగుతుందని. మన ఎడ్లబండికి కాడిని తాడుతో కట్టడం చూసిన పిల్లలకు ఇది చిటికెలో అర్థమవుతుంది. అక్కడుండే ఇన్యుయిట్ జనానికి ఆ ఐసు మీదే చుట్టాల ఇళ్లకు పోవడం, వేటకు పోవడం, సీల్ అనే సముద్రపు జంతువు మాంసం తెచ్చుకోవడం. అది వాళ్లకు దారి. ఈ ఒక్కటి పిల్లల మనసులో నాటితే మిగతాదంతా సులువు.

తర్వాత రెండు స్టీలు గిన్నెల పని. సాయంత్రం ఇంట్లో ఒక గిన్నెలో మంచినీళ్లు, ఇంకోదాంట్లో లీటరుకు 35 గ్రాముల ఉప్పు కలిపిన నీళ్లు (రెండు పెద్ద చెంచాలు నిండా వేస్తే దగ్గరగా సరిపోతుంది, సముద్రంలో ఉప్పు సుమారు అంతే) పోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. పడుకునేముందు ఒకసారి తీసి చూడండి. మంచినీళ్ల మీద పొర కట్టి ఉంటుంది, ఉప్పు నీళ్లు ఇంకా వెనకబడి ఉంటాయి. మంచినీళ్లు సున్నా డిగ్రీల దగ్గర గడ్డకడితే సముద్రపు నీళ్లకు మైనస్ 1.8 దాకా చలి కావాలి. పొద్దున రెండూ గడ్డకట్టాక, ఐసుక్రీం అమ్మే ఆయన్ని అడిగి ఒక థర్మాకోల్ డబ్బా తీసుకుని వాటిని బడికి తీసుకెళ్లండి.

ఇక్కడ తొందరపడకండి, పీరియడంతా దీనికే ఇచ్చినా తప్పులేదు. గోనెసంచులు కుట్టే దబ్బనం ఒకటి పిల్లల చేతికివ్వండి. మంచినీళ్ల గడ్డ మీద దబ్బనం జారుతుంది. ఉప్పు గడ్డలో కసుక్కున దిగుతుంది. ఉప్పు గడ్డ తెల్లగా, తడితడిగా, పొడిపొడిగా ఉంటుంది, ఎందుకంటే నీళ్లు గడ్డకట్టేటప్పుడు ఉప్పును బయటికి నెట్టేస్తాయి, ఆ ఉప్పు చిక్కటి నీళ్లుగా మారి ఐసు మధ్య సన్నసన్నటి సందుల్లో ఇరుక్కుంటుంది. గడ్డను పళ్లెంలో పెట్టి మొదట కారిన చుక్కలు నాలుక మీద వేసుకోమనండి, మొహాలు ముడుచుకుంటారు. చాలాసేపు కారాక మిగిలిన ముక్క నాకితే ఉప్పదనం బాగా తగ్గి ఉంటుంది. సముద్రం మీద ఏళ్ల తరబడి కరగకుండా నిలిచిన పాత ఐసులో ఉప్పు ఇలాగే కారిపోతుంది, అక్కడివాళ్లు దాన్ని కరిగించి తాగుతారు. పాత ఐసు గట్టిది, మందమైనది. ఇప్పుడు తగ్గిపోతున్నది ఎక్కువగా అదే.

మంచు సంగతి చెప్పడానికి ఊక తెచ్చుకోండి. పెళ్లిళ్లకు ఐసు దిమ్మెలు ఊకలోనో రంపపు పొట్టులోనో కప్పి తెస్తారు కదా, ఎందుకని అడిగితే "కరగకుండ సార్" అంటారు. అయితే ఊక వేడిని లోపలికి రానివ్వనట్టే లోపలి వేడిని బయటికీ పోనివ్వదు కదా అని అడిగి కాసేపు ఆగండి. సముద్రపు ఐసు మీద కురిసిన మంచు కూడా ఊకలాంటిదే. పైన గాలి ఎంత చల్లగా ఉన్నా, మంచు దుప్పటి మందంగా ఉంటే కింద నీళ్ల వేడి బయటికి పోదు, ఐసు మందం పెరగదు. పైగా పగుళ్లను కప్పేస్తుంది. పైన తెల్లగా చదునుగా ఉంటుంది, చూసినవాడు దారి బాగుందనుకుంటాడు. ఇక్కడ పిల్లలకు ముల్లుగర్ర వాళ్లంతట వాళ్లకే గుర్తొస్తుంది. నిజమే, ఇన్యుయిట్ వేటగాళ్లు ఇనుప మొన ఉన్న హార్పూన్ (వేట ఈటె) కర్రతో ముందు ఐసును పొడిచి, అది ఎంత దిగుతుందో చూసి అడుగేస్తారు.

మార్పు గురించి చెప్పేటప్పుడు అంకెలు రెండు మూడు చాలు. ఉపగ్రహాలు 1979 నుంచి ఏటా ఈ ఐసును కొలుస్తున్నాయి. సెప్టెంబరులో మిగిలే ఐసు 2012లో అన్నింటికన్నా తక్కువగా, దాదాపు 34 లక్షల చదరపు కిలోమీటర్లకు పడిపోయింది. చలికాలంలో పరుచుకునే ఐసు 2025 మార్చిలో అప్పటిదాకా కొలిచిన అన్ని ఏళ్లలోకెల్లా తక్కువ. అంకెలకన్నా ముఖ్యం, ఐసు ఆలస్యంగా కడుతుంది, తొందరగా విరుగుతుంది, మధ్యలో ఉన్నన్నాళ్లూ ఎక్కడ పలచగా ఉందో తాత చెప్పిన గుర్తులకు అందడం లేదు. నలభై ఏళ్లు అదే దారిన పోయిన మనిషి కూడా నీళ్లలో పడుతున్నాడు. చుట్టూ తిరిగి పోవాల్సి వస్తే పెట్రోలు ఖర్చు, సమయం, రాత్రి చలిలో ఆగిపోయే ప్రమాదం.

కెనడా తూర్పున లాబ్రడార్ తీరంలో నెయిన్ అనే ఊళ్లో 2009-10 చలికాలం ఎన్నడూ లేనంత వెచ్చగా వచ్చి ఐసు సరిగ్గా కట్టలేదు. ఆ దెబ్బతో మొదలైందే ఐసు మందం కొలిచి జనానికి చెప్పే స్మార్ట్ ఐస్ అనే సంస్థ. ఐసులో పాతిపెట్టే పరికరం ఒకటి, కాముటిక్ వెనక లాక్కుపోతూ మందం కొలిచే పరికరం ఇంకొకటి, వాటిని నడిపేది ఆ ఊరివాళ్లే. ఇది తప్పక చెప్పండి, లేకపోతే అక్కడివాళ్లు చేతులు ముడుచుకుని కూర్చున్నారనుకుంటారు పిల్లలు. మన దేశానికీ ఆర్కిటిక్‌లోని స్వాల్‌బార్డ్ దీవుల్లో 2008 నుంచి హిమాద్రి అనే పరిశోధన కేంద్రం ఉందని చెప్తే వాళ్ల కళ్లు మెరుస్తాయి.

ఒక పొరపాటు మాత్రం చేయకండి. ఈ ఐసు కరిగితే సముద్రం పొంగి వైజాగు మునుగుతుందని చెప్పేయడం నేను చాలాసార్లు విన్నాను. నీళ్లలో తేలే ఐసు కరిగితే నీటిమట్టం దాదాపు పెరగదు. గ్లాసులో ఐసు ముక్క వేసి, తర్వాత అంచు దాకా నీళ్లు పోసి, కరిగేదాకా పిల్లల్నే కాపలా పెట్టండి, పొర్లదు. మట్టం పెంచేది గ్రీన్‌లాండ్‌లాగా నేల మీద ఉన్న ఐసు, వేడికి ఉబ్బే సముద్రపు నీళ్లు.

చివర్లో పరీక్ష పెట్టకండి, ఒక పేజీ రాయించండి. "మీ ఊరికి ఏ దారి ఏ నెలలో మూసుకుంటుంది, అప్పుడు ఎవరికి కష్టం?" అని. పోయినసారి నేరేడుగొమ్ము వైపు నుంచి వచ్చే ఒక పిల్ల సాగర్ నీళ్లు పెరిగితే అమ్మమ్మ ఊరికి పడవ దాకా నడిచే దారి మునుగుతుందని రాసి, కింద ఒక ప్రశ్న పెట్టింది: "ఐసు కట్టకపోతే ఆ పిల్లలు అమ్మమ్మ దగ్గరికి ఎట్ల పోతరు సార్?" విమానం టికెట్టుకు డబ్బుంటే పోతారు, లేకపోతే వేసవిలో పడవలు తిరిగేదాకా ఆగుతారు అని నోట్సులోనే జవాబు రాసిచ్చాను.